పిట్యూటరీ మీద ఏ న్యూరోట్రాన్స్‌మిటర్ ఏం చేస్తుందో బట్టీ పట్టకుండా తేల్చుకోవడం ఎలా

నేను ఫిజియాలజీ చెప్తాను. ఎండోక్రైన్ పాఠాలు మొదలయ్యాయంటే పిల్లలు ఒక పట్టిక పట్టుకొస్తారు. ఎడమవైపు డోపమైన్, సెరొటోనిన్, నారడ్రినలిన్, గాబా, ఎసిటైల్‌కొలీన్ అని న్యూరోట్రాన్స్‌మిటర్లు, అంటే నరకణాలు (న్యూరాన్లు) కబురు పంపడానికి వదిలే రసాయనాలు, వరుసగా ఉంటాయి. పైన, మెదడు అడుగున వేలాడే పిట్యూటరీ గ్రంథి వదిలే హార్మోన్ల పేర్లు. గడుల నిండా పైకీ కిందికీ బాణాలు. సీనియర్ల దగ్గర్నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చే పట్టిక అది. పరీక్ష ముందు రాత్రి ఎక్కుతుంది, పరీక్ష కాగానే దిగిపోతుంది. పైగా అందులో డోపమైన్ గ్రోత్ హార్మోన్‌ను పెంచుతుందని ఒక చోటా, తగ్గిస్తుందని ఇంకో చోటా ఉంటుంది. రెండూ నిజమే. ఎందుకు నిజమో మాత్రం పట్టిక చెప్పదు.

అందుకే దాన్ని పక్కన పెట్టించి, ఒక తెల్ల కాగితం తీయమంటాను. హార్మోన్ ఏదైనా, మందు ఏదైనా, జవాబును ఆ కాగితం మీదే రాబట్టుకోవచ్చు. బొమ్మ ఎలా వేయాలో, వేశాక ఏం అడగాలో ఇక్కడ చెప్తున్నాను. మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ చదివేవాళ్లకు ఇది నేరుగా అక్కరకొస్తుంది. రిపోర్టులో ప్రొలాక్టిన్ (పాలు తయారుచేయించే హార్మోన్) ఎక్కువ వచ్చిందని టెన్షన్ పడుతున్నవాళ్లు కూడా చదవొచ్చు. కాకపోతే వాడుతున్న మందును దీన్ని చూసి సొంతంగా ఆపేయకండి, డాక్టర్‌తో మాట్లాడాకే ఏదైనా.

ముందు బొమ్మ

కాగితం పైభాగాన హైపోథాలమస్ (పిట్యూటరీకి పైనుండే మెదడు భాగం) అని రాసి కొన్ని చుక్కలు పెట్టండి. అవి న్యూరాన్ల కణదేహాలు. ఇది మొదటి చోటు. వాటి నుంచి కిందికి గీతలు లాగి, పిట్యూటరీ కాడ మొదలయ్యే దగ్గర ఆపేయండి. ఆ దగ్గరే మీడియన్ ఎమినెన్స్ ఉంటుంది, అది రెండో చోటు. న్యూరాన్ల కొసలు అక్కడ తమ రసాయనాలను సన్నటి రక్తనాళాల్లోకి వదులుతాయి. ఆ రక్తం పోర్టల్ సిరల్లో కిందికి దిగి పిట్యూటరీ ముందు భాగంలో మళ్లీ సన్నటి నాళాలుగా విడిపోతుంది. అక్కడి గ్రంథి కణాలు మూడో చోటు. ఇప్పుడు ఇంకో రంగు పెన్ను తీసుకుని, హైపోథాలమస్‌లోని పెద్ద న్యూరాన్ల నుంచి ఇంకో గీత గీయండి. ఈ గీత మధ్యలో ఎక్కడా ఆగకుండా కాడ గుండా దిగి సరాసరి పిట్యూటరీ వెనక భాగంలోకి వెళ్లాలి. అక్కడి కొసలు నాలుగో చోటు.

పిల్లలు తొంభై పాళ్లు ముందు భాగంలోకి కూడా నరం గీసేస్తారు. హార్మోన్ విడుదల చేయించే నరం అక్కడికి ఏదీ దిగదు. ముందు భాగం పిండంలో నోటి పైకప్పు నుంచి ఎదిగి పైకొచ్చిన గ్రంథి. వెనక భాగం మెదడు నుంచి కిందికి దిగిన మెదడు ముక్క. అర గ్రాము చిల్లర బరువుండే అవయవంలో ఇంత తేడా ఉన్న రెండు భాగాలు అతుక్కుని ఉన్నాయి. ఈ సంగతి మొదట్లోనే బుర్రకెక్కితే తర్వాత సగం గందరగోళం ఉండదు.

పోర్టల్ సిరల మీద కిందికి బాణం గుర్తు తప్పకుండా వేయండి. 1930లో పోపా, ఫీల్డింగ్ ఈ సిరలను వర్ణించినప్పుడు రక్తం పిట్యూటరీ నుంచి పైకి పోతోందనే అనుకున్నారు. బతికున్న జంతువుల్లో చూశాక అది పైనుంచి కిందికే వస్తోందని తేలింది. 1952లో జెఫ్రీ హారిస్, డోరా జాకబ్‌సన్ ఎలుకల్లో పిట్యూటరీ తీసేసి, వేరే పిట్యూటరీని మీడియన్ ఎమినెన్స్ కింద అతికించారు. పోర్టల్ నాళాలు మళ్లీ అల్లుకున్నాయి, గ్రంథి పనిచేసింది. మెదడులోనే ఇంకో చోట, టెంపొరల్ లోబ్ కింద అతికిస్తే రక్తం అందినా పని జరగలేదు. అంటే మామూలు రక్తం సరిపోదు, హైపోథాలమస్ నుంచి దిగొచ్చే రక్తమే కావాలి. నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికన్నా నచ్చే ప్రయోగం ఇదే. ఒక్క అతుకుతో ఏళ్ల తరబడి సాగిన వాదన చాలావరకు తేలిపోయింది.

ఆ రక్తంలో ఏముందో పట్టుకోవడానికి రోజర్ గిల్లెమిన్ గొర్రెల మెదళ్లతో, ఆండ్రూ షాలీ పందుల మెదళ్లతో పోటీపడి ఏళ్ల తరబడి తంటాలు పడ్డారు. 1969లో టీఆర్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్‌ను వదిలించేది) దొరికింది. మూడంటే మూడు అమైనో ఆమ్లాల ముక్క. 1971లో జీఎన్‌ఆర్‌హెచ్ (ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌లను వదిలించేది), 1973లో సొమాటోస్టాటిన్ (గ్రోత్ హార్మోన్‌ను ఆపేది) బయటపడ్డాయి. 1977లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. సీఆర్‌హెచ్ (ఏసీటీహెచ్‌ను వదిలించేది) 1981లో, జీహెచ్‌ఆర్‌హెచ్ (గ్రోత్ హార్మోన్‌ను వదిలించేది) 1982లో వచ్చాయి. వీటితో పాటు డోపమైన్ పేరును కూడా మీడియన్ ఎమినెన్స్ పక్కన రాసుకోండి. ముందు భాగానికి సంబంధించి ప్రధానమైన పేర్లు ఇవే.

తర్వాత నాలుగు ప్రశ్నలు

ఏ న్యూరోట్రాన్స్‌మిటర్ పేరు వినబడినా మొదట అడగాల్సింది, నాలుగు చోట్లలో ఇది ఎక్కడ పనిచేస్తోంది అని. రెండోది, అక్కడ అది తాకుతున్న కణం పిట్యూటరీని ఉసిగొల్పేదా, ఆపేదా అని. మూడోది రిసెప్టర్, అంటే ఆ రసాయనం కణం మీద అతుక్కునే చోటు, ఏదని. ఒకే నారడ్రినలిన్ ఆల్ఫా రిసెప్టర్ మీద ఒక పని, బీటా రిసెప్టర్ మీద దానికి ఎదురు పని చేయగలదు. నాలుగోది చాలామంది అడగనిది: సంకేతం ఏకధాటిగా వస్తోందా, విడతలు విడతలుగా వస్తోందా?

బొమ్మలో ఒక కణం ఇంకో కణాన్ని తాకే ప్రతి దగ్గరా ప్లస్ గానీ మైనస్ గానీ వేయండి. చివర్లో మైనస్‌లు లెక్కపెట్టండి. సరి సంఖ్యలో ఉంటే హార్మోన్ పెరుగుతుంది, బేసి సంఖ్యలో ఉంటే తగ్గుతుంది. బ్రేక్ మీద కాలు తీసినా బండి ముందుకే పోతుంది కదా, అంతే. పిట్యూటరీ విషయంలో చాలా పనులు ఇలా బ్రేక్ వదలడం వల్లే జరుగుతాయి. పట్టిక దాచేసేది కూడా సరిగ్గా ఈ సంగతినే.

ప్రొలాక్టిన్‌తో మొదలుపెట్టండి

పుస్తకాలు దీన్ని చివర్లో చెప్తాయి. నేను ముందు చెప్తాను, ఎందుకంటే బొమ్మ వాడటం దీంతోనే బాగా వస్తుంది. ముందు భాగంలోని మిగతా హార్మోన్లు పైనుంచి ఎవరైనా ఉసిగొల్పితే వస్తాయి. ప్రొలాక్టిన్ మాత్రం ఎవరూ ఆపకపోతే వస్తుంది. 1954లో ఎవరెట్ ఎలుక పిట్యూటరీని తీసి, అదే ఎలుక మూత్రపిండం పొర కింద అతికించాడు. హైపోథాలమస్‌తో సంబంధం తెగిపోయినా ప్రొలాక్టిన్ పని ఆగలేదు. మిగతా హార్మోన్లు పడిపోయాయి.

ఇక బొమ్మలోకి రండి. హైపోథాలమస్‌లోని ఆర్క్యుయేట్ కేంద్రకంలో ఒక చుక్క పెట్టి, మీడియన్ ఎమినెన్స్ దాకా గీత లాగండి. ఆ కొస వదిలేది డోపమైన్. అది పోర్టల్ రక్తంలో పడి దిగి, ప్రొలాక్టిన్ చేసే లాక్టోట్రోఫ్ కణం మీది డీ2 రిసెప్టర్‌ను తాకుతుంది. అక్కడ మైనస్ వేయండి. అంటే ఇక్కడ డోపమైన్ న్యూరాన్ నుంచి న్యూరాన్‌కు దూకడం లేదు, రక్తంలో ప్రయాణం చేసి హార్మోన్ పని చేస్తోంది.

ఆ మైనస్ లోపల ఏం జరుగుతోందో ఒకసారి దగ్గరగా చూడండి. లాక్టోట్రోఫ్ తనంతట తానే విద్యుత్ సంకేతాలు పుట్టించే కణం. పుట్టించిన ప్రతిసారీ కణంలోకి కాల్షియం వస్తుంది. కాల్షియం రాగానే ప్రొలాక్టిన్ నిండిన సంచులు కణపొరకు అతుక్కుని పగులుతాయి, ప్రొలాక్టిన్ రక్తంలోకి పోతుంది. డోపమైన్ వచ్చి డీ2ను తాకితే పొటాషియం దారులు తెరుచుకుంటాయి. పొటాషియం బయటికి పోయి కణం లోపల రుణావేశం ఇంకా పెరుగుతుంది. దాంతో కాల్షియం దారులు తెరుచుకోవు. సంచులు నిండుగానే ఉంటాయి, పగలవు. ఇది క్షణాల్లో జరిగే పని. ఇంకోవైపు, తీరిగ్గా, కణం లోపల కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ తగ్గి ప్రొలాక్టిన్ తయారీ కూడా మందగిస్తుంది. ఇంకా ఎక్కువ కాలం సాగితే కణమే చిక్కిపోతుంది. ప్రొలాక్టిన్ గడ్డలకు, డోపమైన్‌లాగే డీ2ను పనిచేయించే కేబర్‌గోలిన్, బ్రోమోక్రిప్టిన్ ఇస్తే హార్మోన్ తగ్గడమే కాక గడ్డ కూడా కుదించుకుపోవడం వెనకున్నది ఇదే.

ఇప్పుడు ఈ డోపమైన్ న్యూరాన్‌ను ఎవరెవరు తాకుతారో గీయండి. బిడ్డ పాలు తాగేటప్పుడు రొమ్ము నుంచి వెన్నుపాము మీదుగా వెళ్లే సంకేతం దీన్ని అణుస్తుంది. మైనస్ మీద మైనస్, కాబట్టి ప్రొలాక్టిన్ పెరుగుతుంది. ఎండార్ఫిన్లు, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లు కూడా ఇదే దారిలో పెంచుతాయి. సెరొటోనిన్ కూడా ప్రొలాక్టిన్‌ను పెంచేదే, కాకపోతే అది లాక్టోట్రోఫ్ దాకా రాదు, హైపోథాలమస్‌లోనే పని కానిస్తుంది. టీఆర్‌హెచ్ నేరుగా లాక్టోట్రోఫ్‌ను తాకి ప్లస్ వేస్తుంది. థైరాయిడ్ బాగా తగ్గినవాళ్లలో ప్రొలాక్టిన్ పెరగడానికి ఇదొక ముఖ్య కారణం. పెరిగిన ప్రొలాక్టిన్ మళ్లీ పైకెళ్లి డోపమైన్ న్యూరాన్‌ను ఉసిగొల్పుతుంది, అంటే తన బ్రేక్‌ను తానే వేసుకుంటుంది.

మందులు ఇక సులువు. మానసిక జబ్బులకిచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ డీ2ను మూసేస్తాయి, ప్రొలాక్టిన్ పెరుగుతుంది. ఇక్కడ తెలివైన పిల్లలు ఎవరో ఒకరు లేచి అడుగుతారు: వాంతులకే ఇచ్చే డోంపెరిడోన్ మెదడులోకి పెద్దగా పోదు కదా, మరి దాంతో పాలెందుకు వస్తున్నాయి అని. బొమ్మ చూడమంటాను. అది తాకాల్సింది మూడో చోటును. లాక్టోట్రోఫ్ మెదడు లోపల లేదు, రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుగోడకు బయటే, రక్తం వైపే ఉంది. మీడియన్ ఎమినెన్స్‌ది కూడా అదే సంగతి. మెదడులోకి పోని మందు పిట్యూటరీని తాకలేదు అనుకోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

రిపోర్టు చూసేటప్పుడు కూడా ఇదే క్రమంలో పోవాలి. మామూలుగా గర్భం లేని ఆడవాళ్లలో ఈ హార్మోన్ మిల్లీలీటరుకు 25 నానోగ్రాముల లోపు ఉంటుంది, మగవాళ్లలో ఇంకాస్త తక్కువ, ల్యాబును బట్టి అటూ ఇటూ. కొంచెమే పెరిగితే ముందు అడగాల్సినవి నాలుగు: గర్భమా, ఏం మందులు వాడుతున్నారు, థైరాయిడ్ ఎలా ఉంది, సూది గుచ్చేటప్పుడు బాగా భయపడ్డారా. భయం, నొప్పి కూడా ఈ హార్మోన్‌ను పెంచుతాయి, అందుకే కాసేపు కూర్చోబెట్టి మళ్లీ రక్తం తీస్తారు. ఇవేవీ అడక్కుండా నేరుగా స్కాన్‌కు పంపడం నాకు నచ్చదు.

గ్రోత్ హార్మోన్: రెండు మైనస్‌ల లెక్క

దీనికి పైనుంచి రెండు గీతలు వస్తాయి. ఆర్క్యుయేట్ నుంచి జీహెచ్‌ఆర్‌హెచ్, అది ప్లస్. పెరివెంట్రిక్యులర్ కేంద్రకం నుంచి సొమాటోస్టాటిన్, అది మైనస్. ఏ న్యూరోట్రాన్స్‌మిటర్ ఈ రెంటిలో దేన్ని తాకుతోందో చూసుకుంటే చాలు.

ఎసిటైల్‌కొలీన్ సొమాటోస్టాటిన్‌ను అణుస్తుంది, గ్రోత్ హార్మోన్ పెరుగుతుంది. దీన్ని మందులతో అటూ ఇటూ పరీక్షించి చూడొచ్చు. ఎసిటైల్‌కొలీన్ విరిగిపోకుండా కాపాడే పిరిడోస్టిగ్మిన్ ఇస్తే గ్రోత్ హార్మోన్ పెరుగుతుంది. ఎసిటైల్‌కొలీన్ తాకే మస్కరినిక్ రిసెప్టర్‌ను మూసే పిరెంజెపిన్ ఇస్తే గాఢనిద్రలో రావాల్సిన పెరుగుదల కూడా రాదు. నారడ్రినలిన్ ఆల్ఫా2 రిసెప్టర్ ద్వారా జీహెచ్‌ఆర్‌హెచ్‌ను ఉసిగొల్పుతుంది, బీటా ద్వారా సొమాటోస్టాటిన్‌ను పెంచుతుంది. ఒకటే రసాయనం, రెండు రకాల ఫలితం. మూడో ప్రశ్న ఎందుకు అడగాలో ఇక్కడే తెలుస్తుంది. ఎత్తు పెరగని పిల్లలకు ఆల్ఫా2ను తాకే క్లోనిడిన్ ఇచ్చి, కొంత కొంత వ్యవధితో రక్తం తీసి గ్రోత్ హార్మోన్ కొలిచే పరీక్ష ఈ లెక్క మీదే నిలబడింది. ఆ మందుకు పిల్లలు మగతగా అయిపోతారు, బీపీ తగ్గుతుంది, అందుకని పక్కనే ఉండి చూసుకుంటూ ఉంటారు.

మొదట్లో చెప్పిన డోపమైన్ చిక్కు కూడా ఇప్పుడు విప్పేయొచ్చు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు, మెదడులో డోపమైన్‌గా మారే లీవోడోపా ఇస్తే అది హైపోథాలమస్‌లో, అంటే మొదటి చోట పనిచేసి గ్రోత్ హార్మోన్‌ను పెంచుతుంది. గ్రోత్ హార్మోన్ చేసే గడ్డ వల్ల వచ్చే అక్రోమెగలీలో కేబర్‌గోలిన్ ఇస్తే మూడో చోట, గడ్డ కణాల మీదే ఉన్న డీ2ను తాకి చాలామందిలో తగ్గిస్తుంది. చోటు మారింది, గుర్తు మారింది.

ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్: లయ లేకపోతే పని లేదు

ఇవి అండాశయాలను, వృషణాలను నడిపే హార్మోన్లు. నాలుగో ప్రశ్న వీటి కోసమే పెట్టాను. జీఎన్‌ఆర్‌హెచ్ న్యూరాన్లు మెదడు మొత్తంలో కొన్ని వేలకు మించవు. పైగా అవి పుట్టేది మెదడులో కాదు. పిండంలో ముక్కు దగ్గర పుట్టి, వాసన నరాల దారి పట్టుకుని లోపలికి నడిచొస్తాయి. ఆ నడక కుదరనివాళ్లలో వాసనా తెలియదు, యుక్తవయసు మార్పులూ రావు. దాన్ని కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు.

ఈ న్యూరాన్లు జీఎన్‌ఆర్‌హెచ్‌ను ధారగా వదలవు, విడతలుగా వదులుతాయి. నెలసరి మొదటి సగంలో దాదాపు గంటకో గంటన్నరకో ఒక విడత. అండం విడుదలయ్యాక మూడు నాలుగు గంటలకొకటి. 1978లో ఎర్న్‌స్ట్ నోబిల్ అనే శాస్త్రవేత్త బృందం రీసస్ కోతుల్లో సొంత జీఎన్‌ఆర్‌హెచ్ రాకుండా చేసి, బయటి నుంచి ఎక్కించి చూసింది. గంటకోసారి ఇస్తే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ మామూలుగా వచ్చాయి. అదే హార్మోన్‌ను ఆపకుండా ఎక్కిస్తే రెండూ పడిపోయాయి. మళ్లీ విడతలుగా ఇస్తే మళ్లీ లేచాయి. మోతాదు చాలక కాదు, విరామం లేకపోతే గ్రంథి కణం మీది రిసెప్టర్లు వెనక్కి తగ్గుతాయి. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో, జీఎన్‌ఆర్‌హెచ్‌లా పనిచేసే ల్యూప్రొలైడ్ ఇచ్చి టెస్టోస్టెరాన్‌ను పడగొట్టేది ఇలాగే. మొదటి కొన్ని రోజులు పెంచుతుంది, ఆ తర్వాత అణిచేస్తుంది. ప్లస్ గుర్తున్న మందు మైనస్ పని చేయడం చూసి పిల్లలు తికమకపడతారు, నాలుగో ప్రశ్న అడిగితే తికమక ఉండదు.

ఆ విడతలను ఎవరు పుట్టిస్తారు? చాలాకాలం జవాబు సరిగ్గా దొరకలేదు. 2003లో రెండు బృందాలు విడివిడిగా, యుక్తవయసు రాని కొన్ని కుటుంబాల్లో కిస్‌పెప్టిన్ రిసెప్టర్ చెడిపోయి ఉందని కనిపెట్టాయి. అక్కడి నుంచి కథ వేగం అందుకుంది. ఆర్క్యుయేట్‌లో ఒక జాతి న్యూరాన్లు కిస్‌పెప్టిన్, న్యూరోకైనిన్ బీ, డైనార్ఫిన్ మూడింటినీ చేస్తాయి. న్యూరోకైనిన్ బీ పక్క న్యూరాన్లను రెచ్చగొడుతుంది, అందరూ కలిసి ఒక్కసారి కిస్‌పెప్టిన్ వదులుతారు. అది జీఎన్‌ఆర్‌హెచ్ న్యూరాన్‌ను తట్టి లేపుతుంది. కాస్త ఆగి డైనార్ఫిన్ వచ్చి అందరినీ కూర్చోబెడుతుంది. అదీ ఒక విడత. బొమ్మలో మొదటి చోటు పైన ఇంకో వరుస చుక్కలు పెట్టి ఇవి గీయండి. ఈస్ట్రోజెన్ తన ప్రభావం చూపేది చాలావరకు ఈ పై వరుస మీదే, ఎందుకంటే జీఎన్‌ఆర్‌హెచ్ న్యూరాన్ల మీద ఈస్ట్రోజెన్ ఆల్ఫా రిసెప్టర్ ఉండదు.

డైనార్ఫిన్ ఒక ఓపియాయిడ్. అందుకని నొప్పికి నెలల తరబడి ఓపియాయిడ్ మాత్రలు వాడేవాళ్లలో నెలసరి తప్పడం, మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గడం చూస్తాం. దీన్ని అడిగేవాళ్లు తక్కువ, చెప్పుకునేవాళ్లు ఇంకా తక్కువ. ఇంకో వైపు, మెనోపాజ్‌లో ఈస్ట్రోజెన్ తగ్గేసరికి ఈ పై వరుస న్యూరాన్లు విచ్చలవిడిగా పనిచేసి, పక్కనే ఉన్న ఒంటి వేడిని చూసుకునే కేంద్రాన్ని కూడా కదిలిస్తాయి. ఒంట్లోంచి ఒక్కసారిగా ఆవిర్లు ఎగసినట్టవుతుంది. న్యూరోకైనిన్ బీ రిసెప్టర్‌ను మూసే ఫెజోలినెటాంట్ అనే మందుకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది ఇందుకే. అందులో ఈస్ట్రోజెన్ చుక్క కూడా లేదు.

ఏసీటీహెచ్, టీఎస్‌హెచ్

అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ చేయించే ఏసీటీహెచ్‌కు పారావెంట్రిక్యులర్ కేంద్రకం నుంచి సీఆర్‌హెచ్ గీత ఒకటి గీయండి. దాని పక్కనే వేసొప్రెసిన్ (మూత్రంలో నీళ్లు ఎక్కువ పోకుండా ఆపే హార్మోన్) అని కూడా రాయండి, ఎందుకంటే అదే న్యూరాన్లు వేసొప్రెసిన్‌ను కూడా మీడియన్ ఎమినెన్స్‌లో వదులుతాయి. సీఆర్‌హెచ్ కణంలో సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. వేసొప్రెసిన్ వీ1బీ రిసెప్టర్ ద్వారా కాల్షియాన్ని కదిలిస్తుంది. విడివిడిగా కన్నా రెండూ కలిస్తే ఏసీటీహెచ్ చాలా ఎక్కువ వస్తుంది. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, షుగర్ పడిపోవడం లాంటి ఒంటి కష్టాల కబురు మెదడు కాండం నుంచి నారడ్రినలిన్ రూపంలో వచ్చి ఈ న్యూరాన్లను ఉసిగొల్పుతుంది. పరీక్ష భయం, గొడవ లాంటి మనసు కష్టాలు మెదడు పై భాగాల నుంచి వస్తాయి, చాలావరకు గాబా బ్రేక్‌ను వదిలించడం ద్వారా. సెరొటోనిన్ ఉసిగొల్పే పక్షమే. పొద్దున లేచే వేళకు కార్టిసాల్ ఎక్కువగా, అర్ధరాత్రి తక్కువగా ఉంటుంది కాబట్టి, ఏ టైముకు రక్తం తీశారో రాయని కార్టిసాల్ రిపోర్టు నా దృష్టిలో సగం రిపోర్టే.

టీఎస్‌హెచ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. టీఆర్‌హెచ్ ప్లస్, సొమాటోస్టాటిన్ మైనస్, డోపమైన్ మైనస్. అన్నిటినీ మించి థైరాయిడ్ హార్మోన్ తానే వెనక్కి వచ్చి అణుస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఐసీయూలో బీపీ కోసం డోపమైన్ ఎక్కిస్తున్న రోగికి టీఎస్‌హెచ్ తక్కువ వస్తే, దాన్ని చూసి థైరాయిడ్ మీద తీర్పు చెప్పకూడదు.

వెనక భాగానికి వేరే పద్ధతి

ఇక్కడ రెండో ప్రశ్న అక్కర్లేదు. మధ్యలో రక్తమూ లేదు, ఇంకో కణమూ లేదు. సుప్రాఆప్టిక్, పారావెంట్రిక్యులర్ కేంద్రకాల్లోని పెద్ద న్యూరాన్లే వేసొప్రెసిన్‌ను, ఆక్సిటోసిన్‌ను చేసి, తమ తోక చివర దాచి, అక్కడే వదులుతాయి. న్యూరాన్ గ్రంథి పని చేస్తుందని 1928లో ఎర్న్‌స్ట్ షారర్ చేప మెదడును చూసి అంటే చాలామంది నమ్మలేదు. ఇక్కడ ఏ న్యూరోట్రాన్స్‌మిటర్ అయినా ఆ న్యూరాన్ కణదేహాన్ని ఉసిగొల్పితే హార్మోన్ వస్తుంది, అణిస్తే రాదు. అంతే లెక్క. కొన్ని, ముఖ్యంగా ఓపియాయిడ్లు, కింద కొస దగ్గర కూడా ఆపగలవు.

రక్తం కాస్త చిక్కబడితే, అంటే ఆస్మొలాలిటీ 280 నుంచి 285 దాటితే, మెదడులోని కొలిచే కణాలు గ్లుటమేట్ వదిలి వేసొప్రెసిన్ న్యూరాన్లను లేపుతాయి. ఒక్క శాతం మార్పు చాలు. నికోటిన్ ఎసిటైల్‌కొలీన్ దారిలో వేసొప్రెసిన్‌ను పెంచుతుంది, ఆల్కహాల్ తగ్గిస్తుంది. తాగినవాళ్లు మాటిమాటికీ మూత్రానికి లేచేది అందుకే. వాంతి వచ్చేలా ఉండటం అన్నిటికన్నా బలమైన ప్రేరణ. ఆపరేషన్ తర్వాత వికారంతో ఉన్న రోగికి ఉప్పు లేని ద్రవం ధారాళంగా ఎక్కిస్తే సోడియం పడిపోయే ప్రమాదం ఇందువల్లే. డిప్రెషన్‌కు వాడే సెరొటోనిన్ మందులతో కూడా, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లలో, బీపీ కోసం థయజైడ్ మాత్ర కూడా వాడుతుంటే ఇంకా ఎక్కువగా, సోడియం తగ్గొచ్చు. మందు మొదలుపెట్టిన కొత్తలో మనిషి మబ్బుగా, తికమకగా ఉంటే వయసు మీద నెట్టేయకుండా సోడియం చూడాలి.

ఆక్సిటోసిన్‌లో కూడా విడతలున్నాయి. బిడ్డ చీకుతుంటే ఆ న్యూరాన్లన్నీ ఒక్కసారిగా మోగి, ఒక్క విడతగా హార్మోన్ వదులుతాయి, పాలు జారుతాయి. తల్లికి నొప్పి, భయం, నలుగురూ చుట్టూ చేరి పాలు రావట్లేదని అనడం, ఇవన్నీ నారడ్రినలిన్, ఓపియాయిడ్ల ద్వారా ఆ మోతను ఆపుతాయి. పాలు తయారవడం ప్రొలాక్టిన్ పని, జారడం ఆక్సిటోసిన్ పని. రొమ్ము నిండుగా ఉండి పాలు రాకపోతే లోపం తయారీలో లేదు. ఆ గదిలోంచి మనుషులను బయటికి పంపి, తల్లిని కాసేపు వదిలేయడం మందుకన్నా ముందు చేయాల్సిన పని.

చేతికి వచ్చిందో లేదో చూసుకోవడానికి

రెండు లెక్కలు ఇస్తాను. రిస్పెరిడోన్ వాడుతూ ప్రొలాక్టిన్ బాగా పెరిగిన మనిషికి, అదే తరగతికి చెందిన అరిపిప్రజోల్ కూడా కలిపి ఇస్తే ప్రొలాక్టిన్ తగ్గుతుంది. ఎలా? మూడో చోటు చూడండి. అరిపిప్రజోల్ డీ2ను పూర్తిగా మూయదు, కూర్చున్న చోటే దాన్ని కొంతవరకు పనిచేయిస్తుంది. రిస్పెరిడోన్‌ను పక్కకు నెట్టి తాను కూర్చోవడంతో బ్రేక్ కొంత మళ్లీ పడుతుంది.

రెండోది కాస్త గట్టిది. ఒకరికి పిట్యూటరీలో పెద్ద గడ్డ ఉంది, ప్రొలాక్టిన్ 70 వచ్చింది. కేబర్‌గోలిన్ ఇచ్చారు. కొన్ని వారాలకు ప్రొలాక్టిన్ మామూలైంది. ప్రొలాక్టిన్ గడ్డే అని తేల్చేయొచ్చా? బొమ్మలో పిట్యూటరీ కాడ మీద వేలు పెట్టి నొక్కండి. ఏ రకం గడ్డైనా కాడను నొక్కితే డోపమైన్ దిగడం ఆగిపోతుంది, ఆరోగ్యంగా ఉన్న లాక్టోట్రోఫ్‌లే బ్రేక్ లేక ప్రొలాక్టిన్ వదులుతాయి. అలా పెరిగేది సాధారణంగా 100 దాటదు. నిజంగా ప్రొలాక్టిన్ చేసే పెద్ద గడ్డ అయితే చాలావరకు 200 పైనే ఉంటుంది. కేబర్‌గోలిన్ ఆ ఆరోగ్యమైన కణాలను కూడా అణుస్తుంది కాబట్టి అంకె రెండు సందర్భాల్లోనూ దిగుతుంది. అందుకని అంకె దిగిందని ఊరుకోకుండా గడ్డ తగ్గిందా లేదా అని మళ్లీ ఎంఆర్ఐలో చూడాలి, కంటిచూపు పక్కల్లో కుదించుకుపోతోందేమో పరీక్షించాలి.